చిలుము పట్టిన వజ్రపాణి: ఒక ఇంటి విగ్రహం కేస్ స్టడీ

ఇది వరంగల్ ప్రాంతంలోని ఒక ఇంటి విగ్రహం కేసు. ఊరిని, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. లోహ విగ్రహాల సంరక్షణ చేసేవాళ్ల కోసం రాస్తున్నాం. ముందు విగ్రహం ఎవరిదో తేల్చుకుని, తర్వాతే మందుల పెట్టె తెరవాలనేది ఈ కేసు గట్టిగా చెబుతుంది. ఇక్కడ ఆ వరస తప్పి ఉంటే మళ్లీ తెచ్చుకోలేనిది ఒకటి తుడిచే దూది మీదకు ఊడి వచ్చేసేది.

నేపథ్యం

విగ్రహం ఎత్తు సుమారు 18 సెంటీమీటర్లు. రాగి మిశ్రమంతో లోపల బోలుగా పోసిన పోత, పైన బంగారు పూత. ఇంటి పెద్దాయన ఉద్యోగం మీద హిమాలయాల వైపు ఉన్నప్పుడు తెచ్చారు. ఆయన పోయాక అది ఏ దేవుడో చెప్పేవాళ్లు లేరు. మూడో కన్ను, కోరలు, పుర్రెల కిరీటం, నడుముకు పులితోలు, ఒంటి మీద పాములు చూసి ఇంట్లోవాళ్లు వీరభద్రుడనుకున్నారు. సంక్రాంతికి కొత్తకొండ వీరభద్రుడి జాతరకు పోయే ఇల్లు కాబట్టి అలా అనుకోవడంలో వింతేమీ లేదు. అప్పటినుంచి పూజగదిలో పసుపు, కుంకుమ, నూనె దీపం, పండగలకు అభిషేకం. ప్రతి పండగ ముందు మిగతా ఇత్తడి సామానుతో కలిపి చింతపండు, ఉప్పు వేసి తోమడం.

వచ్చిన సమస్య

"ఎంత తోమినా మల్లొస్తుంది సారూ. మా అత్తమ్మ కాలం నుంచి గిట్లనే తోముతున్నం, చెంబులకు లేని చిలుము దీనికే ఎందుకొస్తుంది?" అని ఇంటి ఇల్లాలు అడిగిన ప్రశ్నలోనే సగం జవాబు ఉంది.

తొలకరి పడగానే చంకలో, తామర రేకుల సందుల్లో, కుడి మణికట్టు దగ్గర లేత పచ్చ పొడి లేచేది. తుడిస్తే బట్టకు అంటేది. దాని కింద చిన్న గుంట కనిపించేది. ఎండాకాలం వచ్చేసరికి ఆగిపోయేది. దాంతో తోమడం వల్లే తగ్గిందని ఇంట్లో నమ్మకం కుదిరింది. అసలు కారణం గాలిలో తేమ తగ్గడం.

ఇంకో మూడు లోపాలు కనిపించాయి. కుడిచేతి పిడికిట్లో ఉండాల్సిన ఆయుధం విరిగిపోయింది. వీపు మీద బంగారం అరిగి ఎర్రటి రాగి బయటపడింది. అడుగున బిగించిన రాగి రేకు ఒక అంచున కాస్త లేచింది, విగ్రహాన్ని కదిపితే లోపల ఏదో మెత్తగా కదిలిన చప్పుడు.

అంతకుముందు చేసినవి

చింతపండుకు తోడు బజారులో దొరికే తోముడు పొడి వాడారు. తర్వాత పాత్రలకు మెరుగు పెట్టే ఒకచోట మోటారు చక్రం మీద వీపు భాగం మెరుగు పెట్టించారు. అక్కడే బంగారం పోయింది. పాదరసంతో కలిపి కాల్చి పట్టించిన బంగారు పూత చాలా పలుచన. చింతపండు పులుపుకు బంగారం కరగదు గానీ రాపిడికి ఆగదు. మెరుగు పెట్టాక పారదర్శక లక్క పూశారు. పచ్చ పొడి ఆ పూతను పైకి లేపుకుని మరీ బయటికొచ్చింది.

చెంబుకు లేని జబ్బు విగ్రహానికి ఎందుకు వచ్చిందో ఇక్కడ చెప్పుకోవాలి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది నల్లటి పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని త్వరపెడుతుంది. చెంబు నున్నగా ఉంటుంది, రెండుసార్లు కడిగితే ఉప్పు పోతుంది. పోత విగ్రహానికి మడతలు, రేకుల సందులు, పోతలో పడిన సూదిమొన రంధ్రాలు ఉంటాయి. వాటిలో చిక్కిన ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా గుంట అడుగున కూర్చుంటుంది. తేమ, ఆక్సిజన్ తగిలితే అది లేత పచ్చ పొడిగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న కొత్త రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడు తయారవుతుంది. మా పనిలో దీన్ని కంచు రోగం అంటాం. తేమ 42 శాతం దాటితే ఇది మేలుకోవచ్చు. వానాకాలంలో మన దగ్గర గాలి తేమ 80 దాటడం మామూలే.

ముందు ఎవరో తేల్చడం

వీరభద్రుడైతే కత్తి, డాలు, విల్లు, బాణం ఉండాలి, పక్కన మేకతల దక్షుడు ఉండటం రివాజు. ఇక్కడ రెండే చేతులు. కుడి చెయ్యి తలకన్నా పైకి లేచి పిడికిలి బిగించి ఉంది. ఎడమ చెయ్యి గుండె దగ్గర, చూపుడువేలు పైకెత్తి బెదిరిస్తోంది. కుడి మోకాలు వంగి, ఎడమ కాలు చాచి ఉంది. జుట్టు మంటలా పైకి లేచింది. కిందంతా తామర పీఠం. ఇది హిమాలయ బౌద్ధంలోని ఉగ్రరూపమని అక్కడికే తెలుస్తుంది. ఆ సంప్రదాయంలో ఉగ్రరూపులు చాలామంది. హయగ్రీవుడైతే జుట్టులో గుర్రం తల ఉండాలి. యమాంతకుడికి దున్నపోతు ముఖం. మహాకాలుడి చేతుల్లో సాధారణంగా వంపు కత్తి, కపాలపాత్ర ఉంటాయి. వీళ్లను తీసేస్తే ఈ భంగిమకు ముఖ్యంగా మిగిలేది ఇద్దరు, వజ్రపాణి, అచలుడు.

అసలు చిక్కు వీళ్లిద్దరి దగ్గరే. అచలుడు కూడా కుడిచేతిని పైకెత్తుతాడు, ఎడమచేత్తో గుండె దగ్గర బెదిరిస్తాడు. తేడా ఆయుధంలో ఉంది. ఆయన ఎత్తేది కత్తి, వజ్రపాణి ఎత్తేది వజ్రం, అంటే రత్నం కాదు, రెండు చివరలా కొసలున్న వజ్రాయుధం. ఇక్కడ ఆ ఆయుధమే లేదు. పిడికిలి కింద మాత్రం వజ్రపు కొస మిగిలింది. అది చూసి వజ్రపాణి అని రాసేయడం తొందరపాటు, ఎందుకంటే ఆ కళలో కత్తి పిడికి కూడా అడుగున సగం వజ్రం చెక్కుతారు.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పిడికిలి పైభాగాన్ని చూస్తే విషయం తేలింది. విరిగిన చోట సన్నటి తామర రేకుల పట్టీ, దాని మధ్యలో గుండ్రటి మొదలు, దాని చుట్టూ అంతకన్నా సన్నటి 4 మొదళ్లు. కత్తి విరిగి ఉంటే మిగిలే మొదలు పలకగా, రెండు అంచులతో ఉండేది. తల వెనక కత్తి వాదర ఆనిన గుర్తు కూడా లేదు. అచలుడు పై పళ్లతో కింది పెదవి కొరుకుతూ కనిపించడం మామూలు, ఇక్కడ నోరు బాగా తెరిచి నాలుక మడిచి ఉంది. మూడూ ఒకవైపే చూపాయి కాబట్టి అయిదు కొసల వజ్రం పట్టిన వజ్రపాణి అని నమోదు చేశాం.

ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పడం చిన్న పని కాదు. ఏళ్లుగా మొక్కిన దేవుడు వేరొకరని చెబితే అపచారం జరిగిందేమోనన్న భయం పుడుతుంది. అందుకే కథతో మొదలుపెట్టాం. పాళీ బౌద్ధ గ్రంథమైన దీఘనికాయంలోని అంబట్ఠ సుత్తంలో, అంబట్ఠుడనే గర్వి బుద్ధుడు అడిగిన న్యాయమైన ప్రశ్నకు రెండుసార్లు జవాబు చెప్పడు. మూడోసారి కూడా చెప్పకపోతే తల ఏడు ముక్కలు చేస్తానంటూ మండే ఇనుప వజ్రం పట్టుకుని ఒక యక్షుడు ఆకాశంలో నిలబడతాడు. బుద్ధుడికి, అంబట్ఠుడికి తప్ప ఇంకెవరికీ కనపడడు. ఆ యక్షుడే వజ్రపాణి. గాంధార శిల్పులు ఆయన్ని గ్రీకుల హెరాక్లీజ్‌లా గడ్డంతో, కండలతో, కొన్నిచోట్ల సింహచర్మంతో బుద్ధుడి వెంట నిలిపారు. తర్వాత బోధిసత్వుడయ్యాడు. టిబెట్‌లో జ్ఞానానికి మంజుశ్రీ, కరుణకు అవలోకితేశ్వరుడు, బలానికి వజ్రపాణి కలిసి ముగ్గురు రక్షకులు. కోరలు, మంటలు ధర్మానికి అడ్డం వచ్చేవాటి మీదే, మొక్కేవాళ్ల మీద కాదు.

"అయితే కాపాడే దేవుడే కదా," అని ఇల్లాలు తేలికపడింది. బుద్ధుణ్ని కాచేవాళ్ల బొమ్మలు మన ప్రాంతానికి కొత్తవి కావని కూడా చెప్పాం. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం దగ్గర దొరికిన రాతి పలక మీద ముచిలింద నాగుడు పడగ విప్పే ఉన్నాడు. పూజ ఆపమని మేం చెప్పలేదు, అది మా పని కాదు. పూజ పద్ధతిలో ఏం మారాలో మాత్రం తర్వాత మాట్లాడాం.

ఎరుపు ఎక్కడిది?

ఆనవాలు తేలడం వల్ల దక్కిన పెద్ద లాభం ఇదే. జుట్టు గీతల్లో అక్కడక్కడా ఎర్రటి మరకలు ఉన్నాయి. విగ్రహమంతా కుంకుమే కాబట్టి ఇదీ కుంకుమేననుకుని మొదటి తుడుపులోనే తీసేయడం ఎవరికైనా సహజం. టిబెట్ సంప్రదాయంలో ఉగ్రరూపుల జుట్టుకు నారింజ ఎరుపు రంగు వేస్తారు, ముఖానికి జిగురులో కలిపిన బంగారు పొడి పూస్తారు. వజ్రపాణి అని తెలిశాక ఆ ఎరుపును అనుమానించాల్సి వచ్చింది.

పరీక్ష చిన్నది. సన్నటి పుల్లకు దూది చుట్టి, ఆల్కహాల్‌లో ముంచి, భూతద్దం కింద ఆవగింజంత చోట అద్దాలి. నుదుటి మీది ఎరుపు వెంటనే దూదికి దిగింది, చుట్టూ పసుపు చార వచ్చింది. అది కుంకుమ, మసి పొర పైన కూర్చుంది. జుట్టు గీతల అడుగున ఉన్న ఎరుపు కదల్లేదు. అది మసి పొర కింద నేరుగా లోహాన్ని పట్టుకుని ఉంది, దాని అంచు దగ్గర నీటి చెమ్మ తగిలితే ఉబ్బింది. అంటే జిగురులో కలిపి వేసిన అసలు రంగు. ఆ తర్వాత జుట్టు, ముఖం దరిదాపుల్లో నీళ్లు వాడలేదు. ముఖం మీది బంగారు పొడి ఏళ్ల అభిషేకాలకు చాలావరకు పోయింది. చెవి మడతల్లో, ముక్కుపుటాల్లో, గడ్డం కింద మిగిలింది.

వైద్యం: ఏది వద్దనుకున్నాం, ఏది చేశాం

పచ్చగా ఉన్నదంతా రోగం కాదు. దీపపు నూనె రాగితో కలిసినా పచ్చటి పొర వస్తుంది. సూదితో గీకితే అది మైనంలా చుట్ట చుట్టుకుని లేస్తుంది. రోగం పొడి రాలిపోతుంది. నిర్ధారణకు రవ్వంత పొడిని పలుచని నత్రికామ్లంలో కరిగించి సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాం. తెల్లగా విరిగింది, క్లోరైడు ఉన్నట్టే.

క్లోరైడు లాగడానికి 5 శాతం సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో వారాల తరబడి నానబెట్టడం పాత పద్ధతి. ఇక్కడ కుదరదు. జుట్టు రంగు కరిగిపోతుంది, లేచిన అడుగు రేకు నుంచి ద్రావణం లోపలికి పోతుంది. ఇలాంటి విగ్రహాల లోపల మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాన్యం, సుగంధద్రవ్యాలు పెట్టి ప్రతిష్ఠ చేస్తారు. అడుగు రేకు మీద అడ్డంగా కలిసిన రెండు వజ్రాల గుర్తు చెక్కి ఉంది, అది ప్రతిష్ఠ ముద్ర. లోపలి చప్పుడు ఆ చుట్టలదే కావచ్చు. రేకు విప్పితే ప్రతిష్ఠ భంగమైనట్టు. ఎక్స్‌రే తీయొచ్చన్న ఆలోచన వచ్చింది గానీ, ఏం కనిపించినా వైద్యం మారదు కాబట్టి వదిలేశాం. శూన్యంలో పెట్టి మందులో ముంచే పద్ధతినీ ఇదే కారణంతో పక్కన పెట్టాం.

మిగిలింది గుంట గుంటకూ విడిగా చేసే వైద్యం. ముందు ఆల్కహాల్, పెట్రోలియం స్పిరిట్‌తో పాత లక్కపూత, నూనె జిడ్డు తీశాం. తామర పీఠం వెనక ఒక చోటును ప్రయోగానికి ఎంచుకుని పొడి దులిపి, ఆల్కహాల్‌లో 3 శాతం బెంజోట్రయజోల్ కలిపి కుంచెతో పట్టించాం. ఈ మందు ఒంటికి మంచిది కాదు, చేతితొడుగులు, ముఖానికి మాస్క్, గాలి ఆడే గది తప్పనిసరి. ఆరాక తేమ పెట్టెలో ఉంచితే మళ్లీ పొడి లేచింది. మందు రాగి ఉపరితలాన్ని కప్పుతుంది గానీ, గుంట అడుగున క్లోరైడు దళసరిగా ఉంటే అంతవరకూ చేరదు.

దాంతో పద్ధతి మార్చాం. మైక్రోస్కోప్ కింద సూదితో ప్రతి గుంటలోని పొడిని, దాని అడుగున మైనంలా కనిపించే బూడిదరంగు క్లోరైడు పొరను గట్టి లోహం తగిలేదాకా తవ్వాలి. అక్కడ ఆగాలి. ఇంకా లోతుకు పోతే మంచి రాగి పోతుంది, ముందే ఆగితే రోగం మిగులుతుంది. తర్వాత సిల్వర్ ఆక్సైడ్ పొడిని ఆల్కహాల్‌తో ముద్దలా కలిపి గుంటలోకి సూదిమొనతో నొక్కి కూరాలి. మిగిలిన క్లోరైడుతో అది కలిసి సిల్వర్ క్లోరైడుగా మారి మూత వేస్తుంది. ఆ మూత గోధుమ నలుపు రంగులో ఉండి పాత లోహంలో కలిసిపోతుంది, మళ్లీ రంగు వేయనక్కర్లేదు.

ప్రతి విడత తర్వాత తేమ పరీక్ష. గాజు పెట్టె అడుగున ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లు పెడితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. విగ్రహాన్ని పై జాలీ మీద 24 గంటలు ఉంచాలి, ఉప్పునీటి తుంపర తగలకుండా మధ్యలో అడ్డు ఉండాలి. లోపలి కాగితాలకు ప్రమాదమా అని ఆలోచించాం. ఏటా వానాకాలమంతా అంతకన్నా ఎక్కువ తేమలోనే ఉన్న వస్తువు కాబట్టి ఒక్కరోజుకు ఒప్పుకున్నాం. పచ్చ చుక్క వచ్చిన గుంటకు మళ్లీ తవ్వకం, మళ్లీ ముద్ద. చంకలోని గుంటలు అన్నిటికన్నా మొండివి, అక్కడికి సూది నేరుగా పోదు. అన్నీ నెమ్మదించాక జుట్టును, ముఖాన్ని వదిలి మిగతా ఒంటికి బెంజోట్రయజోల్, పలుచగా పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్, ఆపైన మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే మైనం. ముందు వేసిన లక్క రోగాన్ని లోపలే ఉంచి మూసింది. ఈ పూత రోగం తీశాక వేసింది, కావాలంటే మళ్లీ కరిగించి తీయొచ్చు.

విరిగిన వజ్రం, అభిషేకం

కొత్త వజ్రం చేయించి అతికించమని ఇంట్లోవాళ్లు అడిగారు. పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు అది పెద్ద పని కాదు. అతకాలంటే మాత్రం పిడికిట్లో మిగిలిన ఆ 5 మొదళ్లను రాకాలి లేదా తొలచాలి. విగ్రహం ఎవరిదో చెప్పిన ముఖ్య సాక్ష్యం అదే. అందుకే వద్దన్నాం. వజ్రం చేయించండి, కానీ విడిగా, పీఠం ముందు పళ్లెంలో పెట్టుకునేలా చేయించండి అన్నాం.

ఆ విడి వజ్రమే తర్వాత అసలు దారి చూపింది. చింతపండు, కుంకుమ ఆపకపోతే మా పనంతా ఏడాది కూడా నిలవదు. ఆపేస్తే పూజ లోపించిందన్న బాధ. మన గుళ్లలో మూలవిరాట్టుకు బదులు స్నపన బేరానికి, అంటే అభిషేకం కోసం విడిగా ఉంచే విగ్రహానికి, అభిషేకం చేసే పద్ధతి ఉంది కదా, ఇక్కడా అలాగే చేయమన్నాం. అభిషేకం, పసుపు కుంకుమ పళ్లెంలోని ఇత్తడి వజ్రానికి, దర్శనం వజ్రపాణికి. ఇంట్లోవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. మేం ఎంత రసాయనశాస్త్రం చెప్పినా దొరకని ఒప్పుదల అది.

విగ్రహానికి 30×30×40 సెంటీమీటర్ల యాక్రిలిక్ పెట్టె ఏర్పాటైంది. ప్లైవుడ్ పీఠం వద్దన్నాం, దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి రాగికి చెరుపు. ఘనపు మీటరుకు 20 కిలోల లెక్కన ఆ పెట్టెకు 720 గ్రాములు, గుండుగుత్తగా 750 గ్రాముల తేమ పీల్చే సిలికా జెల్ కింది అరలో. రంగు మారితే 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో 3 గంటలు ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. చిన్న డిజిటల్ తేమ మీటరు లోపలే ఉంటుంది, అంకె 40 దాటితే జెల్ మార్చాలి. దీపం, కర్పూరం పెట్టె బయటే.

పెట్టె మూసి ఉంచడం మీద ఇంట్లో కొంత గుణుగుడు వచ్చింది. అప్పుడు జపాన్ సంగతి చెప్పాం. నారాలోని తోదైజీ ఆలయంలో 8వ శతాబ్దపు మట్టి విగ్రహం ఒకటుంది, వజ్రం ఎత్తిన ఈ వజ్రపాణిదే. ఏటా డిసెంబర్ 16న మాత్రమే తలుపులు తీస్తారు. అందుకే దాని మీది రంగులు, బంగారం ఈనాటికీ నిలిచాయి. అది విన్నాక ఇంట్లోవాళ్లే ఏడాదికి ఒక్కరోజు పెట్టె తెరవాలని, అదీ సంక్రాంతికేనని నిర్ణయించుకున్నారు. ఆ రోజుల్లో గాలి వానాకాలమంత తేమగా ఉండదు కాబట్టి మాకూ సమ్మతమే.

తర్వాత

మొదటి వానాకాలం దాటాక తనిఖీ చేస్తే ఎడమ చంకలో ఒక్క చుక్క తేలింది. దానికి మళ్లీ సిల్వర్ ఆక్సైడ్ పెట్టాం. మణికట్టు, పీఠం శుభ్రంగా ఉన్నాయి. వీపు మీద పోయిన బంగారాన్ని, ముఖం మీది పూతను మళ్లీ వేయలేదు. టిబెట్ సంప్రదాయంలో ముఖానికి తిరిగి బంగారం పూయడం పుణ్యకార్యమే, ఆ సంప్రదాయంలో ఉన్నవాళ్లు కోరితే ఆలోచించాల్సిన విషయం. ఇక్కడ ఆ కోరిక లేదు, మిగిలిన పాత రేణువుల మీద కొత్తవి వేస్తే రెంటినీ విడదీయలేం.

ఇలాంటి విగ్రహం చేతికొచ్చినవాళ్లు మొదటిరోజే చూసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఏ వైపుకూ తడి తగలకముందే స్కేలు పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీయాలి. వంద ఏళ్లు దాటిన శిల్పం అయ్యే అవకాశం ఉంటే 1972 పురావస్తువుల చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి యజమానికి చెప్పాలి. ఈ ఇంటివాళ్లకు చెప్పాం, కాగితాలు పెట్టుకుంటున్నారు. ఎరుపు ఎక్కడ కనిపించినా ఆల్కహాల్ చుక్క పరీక్ష అయ్యేదాకా కుంకుమ అనకూడదు. ఎండాకాలంలో వచ్చిన కేసును నయమైందని పంపేయకూడదు, తేమ పెట్టెలో పెట్టి చూడాలి. అడుగు రేకు లేచి ఉంటే లోపలికి తొంగిచూడాలని చెయ్యి ఆరాటపడుతుంది. మేం లేచిన అంచును వేలితో మెల్లగా నొక్కి, చుట్టూ మెత్తటి నూలు పట్టీ కట్టి వదిలేశాం. సుత్తి వాడలేదు, అంటుపదార్థమూ పెట్టలేదు.